‘లైఫ్‌టైమ్’ విండోస్ కీ అమ్మేవాడితో జాగ్రత్త, నాకు ఆరు నెలలకే లైఫ్ అయిపోయింది

ఎవరి గురించి చెబుతున్నానో ఇలా చవగ్గా కీలు (విండోస్‌ని యాక్టివేట్ చేసే కోడ్‌లు) కొన్నవాళ్లకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ‘జెన్యూన్, లైఫ్‌టైమ్, అయిదు నిమిషాల్లో డెలివరీ’ అని పెద్ద అక్షరాల్లో పెట్టుకుని కుప్పలుగా రివ్యూలు చూపిస్తాడు చూడండి, వాడే. పేరు రాయను, రాసినా రేపు ఇంకో పేరుతో దుకాణం తెరుస్తాడు.

మొదటిసారి సొంతంగా పీసీ కట్టుకున్నాను. ప్రాసెసర్ ఏది, మదర్‌బోర్డ్ ఏది, ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లది అని నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నాను, ర్యామ్‌లు పోల్చడానికి ఎక్సెల్ షీట్ కూడా వేశాను (నవ్వకండి). అన్నీ బిగించి, స్క్రీన్ మీద బయోస్ కనిపించిన రాత్రి గానీ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) సంగతి గుర్తు రాలేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి అది వద్దు. ‘లినక్స్ మింట్ పెట్టుకోరా, ఫ్రీ కదా, పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకో, నచ్చకపోతే పీకేయ్’ అని ఫ్రెండ్ అన్నాడు. కానీ మా తమ్ముడికి వాలరెంట్ గేమ్ కావాలి, దాని యాంటీ చీట్ (ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్) లినక్స్‌లో నడవదు. సరే, విండోస్ 11. అసలు రేటు చూసి కళ్లు తిరిగాయి. అందులో పదో వంతు కూడా లేని రేటుకి వీడు కనిపించాడు. అదీ హోమ్ కాదు, ప్రో! బిట్‌లాకర్, గ్రూప్ పాలసీ లాంటి ఆఫీసు హంగులు జన్మలో ముట్టుకోని నాకు ప్రో ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

కీతో పాటు మూడు లైన్ల కమాండ్లు పంపాడు. అడ్మిన్‌గా (మెషీన్ మీద పూర్తి అధికారంతో) కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పేస్ట్ చేయమన్నాడు. మొదటి లైన్ కీ ఎక్కించేది. రెండోదానిలో ఏదో సర్వర్ అడ్రస్ ఉంది, మైక్రోసాఫ్ట్ పేరు ఎక్కడా లేదు. మూడోది యాక్టివేట్ చేసేది. ‘ఈ అడ్రస్ ఏంటి?’ అని అడిగాను కూడా. ‘యాక్టివేషన్ ప్రాసెస్ సార్, అందరికీ ఇదే’ అన్నాడు. నేను ఊరుకున్నాను. చిన్న బాక్స్ వచ్చింది, యాక్టివేట్ అయిందని. ‘స్క్రీన్‌షాట్ పెట్టండి సార్, అయిదు స్టార్లు ఇవ్వండి సార్’ అన్నాడు. రెండూ చేశాను. ‘ఫాస్ట్ అండ్ జెన్యూన్’ అని రివ్యూ రాసింది ఈ చేతులే.

పోయిన వారం ‘మీ విండోస్ లైసెన్స్ త్వరలో ముగుస్తుంది’ అని మెసేజ్ మొదలైంది. ఏదో అప్‌డేట్ గోల అనుకున్నాను. నిన్న కుడివైపు కింద మూలన ఆ బూడిదరంగు అక్షరాలు వచ్చి కూర్చున్నాయి, యాక్టివేట్ విండోస్ అని. వాల్‌పేపర్ మార్చబోతే సెట్టింగ్స్‌లో అన్నీ మసకబారి ఉన్నాయి. వాడికి మెసేజ్ పెట్టాను, చాలా మర్యాదగానే. ‘లైఫ్‌టైమ్ అన్నారు కదండీ, ఆరు నెలలకే పోయింది’ అని.

జవాబు ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను: ‘లైఫ్‌టైమ్ అంటే కీ లైఫ్‌టైమ్ సార్, మీ లైఫ్‌టైమ్ కాదు.’ పక్కన పళ్లికిలిస్తున్న బొమ్మ ఒకటి. నేను ఇంకా టైప్ చేస్తూనే ఉన్నాను, ఈలోగా ‘కొత్త కీ కావాలంటే పాత కస్టమర్ కాబట్టి డిస్కౌంట్ ఇస్తాను’ అన్నాడు. మోసం చేసినందుకు లాయల్టీ డిస్కౌంట్! ‘డబ్బులు వెనక్కివ్వు’ అన్నాను. బ్లాక్. డబ్బు పోయిందన్న బాధకన్నా ఆ పళ్లికిలింపు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. అంత ఖరీదైన ప్రాసెసర్ కొన్నవాడిని, ఇక్కడ కక్కుర్తి పడ్డాను చూడండి, అదీ అసలు మంట.

నిద్ర పట్టక కూర్చుని తవ్వితే తెలిసింది. నాకు అమ్మింది కేఎంఎస్ క్లయింట్ కీ. పెద్ద ఆఫీసుల్లో వందల మెషీన్లు ఉంటే, ఒక్కోదానికీ విడిగా కీ కొట్టకుండా లోపల ఒక సర్వర్ (అదే కేఎంఎస్) పెట్టుకుంటారు, మెషీన్లన్నీ దాన్ని అడిగి యాక్టివేట్ అవుతాయి. ఆ యాక్టివేషన్ 180 రోజులే. మెషీన్ ఏడు రోజులకోసారి సర్వర్‌ని పలకరించి గడువు పొడిగించుకుంటూ ఉంటుంది, సర్వర్ పలకకపోతే 180 రోజులకి దుకాణం బంద్. వీడు ఎక్కడో ఒక సర్వర్ పెట్టాడు, అమ్మకాలు అయ్యాక పీకేశాడు, అంతే. ఇంకో విషయం వింటే మీకూ మండుతుంది. ఆ కీ రహస్యమేమీ కాదు, ఆఫీసు ఐటీ వాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ తన సైట్‌లోనే అందరికీ కనిపించేలా పెట్టింది. పక్కన పెట్టి చూశాను, అక్షరం తేడా లేదు. ఊరుమ్మడి బావి నీళ్లు సీసాలో పోసి అమ్మాడు, నేను గుటకలేస్తూ తాగాను.

ఇంతకీ అసలు తొందరే లేదు, అది ఇంకా కోపం. విండోస్ ఎక్కించేటప్పుడు ‘నా దగ్గర కీ లేదు’ అని నొక్కితే సరిపోతుంది, ఇన్‌స్టాల్ అవుతుంది, పనిచేస్తుంది, మూలన ఆ రాత ఉంటుంది, వాల్‌పేపర్ మార్చనివ్వదు. అంటే ఇప్పుడు నేనున్న స్థితే, డబ్బు పోగొట్టుకోకుండా! ఫ్రెండ్ ఆ రాత్రి ఇది కూడా చెప్పాడు, చెవికెక్కితేగా.

ఇప్పటికే ఎక్కడైనా కొన్నవాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్, స్పేస్, స్లాష్, ఎక్స్‌పీఆర్ అని కొట్టి చూడండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే కాస్త నయం. తేదీ చూపిస్తే మీదీ నా కథే. ఎక్స్‌పీఆర్ బదులు డీఎల్‌ఐ అని కొడితే అది రిటైలా (విడిగా కొనేది), ఓఈఎమ్మా (మెషీన్‌తో పాటు వచ్చేది), వాల్యూమా (ఆఫీసులకి టోకున ఇచ్చేది) అన్నది వస్తుంది. ఓఈఎమ్ అయితే మదర్‌బోర్డ్ మారిస్తే పోతుంది, రిటైల్ అయితే ఇంకో మెషీన్‌కి మార్చుకోవచ్చు, కొనేముందే ఏదో అడగండి. సర్వర్ అడ్రస్ ఉన్న కమాండ్ ఎవడు పంపినా అక్కడితో ఆపేయండి. నేను మాత్రం డిస్క్ మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కిస్తున్నాను, వాడి చేతిలోంచి వచ్చిన కమాండ్లు అడ్మిన్‌గా నడిపిన మెషీన్‌లో పాస్‌వర్డ్ కొట్టాలంటే భయంగా ఉంది. తమ్ముడు గేమ్ ఎప్పుడు వస్తుందని గంటకోసారి అడుగుతున్నాడు, టెన్షన్‌కి తోడు అదొకటి.

రివ్యూ మారుద్దామని ఇందాక వెళ్లాను. మార్చే గడువు దాటిపోయిందట. కాబట్టి వాడి పేజీలో ‘ఫాస్ట్ అండ్ జెన్యూన్’ అని కనిపిస్తే, అది నాదే, పట్టించుకోకండి.