రెస్క్యూ డైవర్ కోర్సుకు డబ్బు కట్టే ముందు ఆక్సిజన్ పెట్టె తెరిపించి చూడండి

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో రెస్క్యూ డైవర్ కోర్సు, అంటే నీళ్లలో ఆపదలో పడ్డ డైవర్లను కాపాడడం నేర్పే శిక్షణ, చేయాలనుకుంటున్న వారికి ఈ హెచ్చరిక. (2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చినా, డైవింగ్ వాళ్ల నోట ఇంకా హావ్‌లాకే.) పోయిన జనవరిలో అక్కడి ఒక డైవ్ సెంటర్‌కు నాలుగు రోజుల ప్యాడీ (డైవింగ్ శిక్షణకు కార్డులిచ్చే అంతర్జాతీయ సంస్థ) రెస్క్యూ కోర్సు కోసం 42,000 రూపాయలు కట్టాను. రెండు రోజుల్లో కార్డు వచ్చింది, విద్య రాలేదు. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి ఆ సెంటర్ పేరు రాయడం లేదు.

ఈ కోర్సులో చేరాలంటే నీటి అడుగున దిక్సూచితో దారి కనుక్కునే డైవ్ పూర్తిచేసి ఉండాలి, గత 24 నెలల్లో సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ఊపిరి ఊదడం), ప్రథమ చికిత్స నేర్చుకుని ఉండాలి. అలసిన డైవర్‌ను ఒడ్డుకు లాక్కురావడం మొదలుకొని స్పృహ తప్పిన మనిషిని పైకి తేవడం, అతన్ని పడవలోకి ఎక్కించడం, ఆక్సిజన్ ఇవ్వడం వరకు పది అభ్యాసాలు, ఆ తరువాత నిజంగా ప్రమాదం జరిగినట్టే నడిపించే రెండు సన్నివేశాలు ఉంటాయి. ఇదంతా నేను వెళ్లే ముందే చదివాను. చదివి కూడా, "అన్నీ కలిపే సార్, మీరు వచ్చేయండి" అన్న ఒక్క వాట్సాప్ సందేశాన్ని నమ్మి, రోజువారీ కార్యక్రమం రాతపూర్వకంగా అడగకుండా యూపీఐలో మొత్తం డబ్బు పంపడం నా తప్పు.

అక్కడికి వెళ్లాక సీపీఆర్ శిక్షణకు వేరుగా 6,000 అన్నారు. ఆ శిక్షణ కూడా బొమ్మ లేకుండా, గదిలోని దిండు మీద ఇరవై నిమిషాల్లో ముగిసింది. దిండును ఎంత లోతు నొక్కితే ఛాతీని నొక్కినట్టో ఎవరు చెప్పగలరు? మొదటి రోజు మధ్యాహ్నమంతా మమ్మల్ని వీడియోల ముందు కూర్చోబెట్టి, ఇన్‌స్ట్రక్టర్ మాత్రం కొత్తగా వచ్చిన టూరిస్టులను నీళ్లలోకి తీసుకెళ్లారు. తప్పిపోయిన డైవర్‌ను వెతికే సన్నివేశానికి నా చేతికి దిక్సూచి అయినా ఇవ్వలేదు. "నీళ్లు తేటగా ఉన్నాయి, కనిపిస్తాడులెండి" అన్నారు. కనిపించే మనిషిని వెతకడానికి శిక్షణ దేనికి?

అన్నిటికంటే బాధ కలిగించినది స్పృహ తప్పిన డైవర్ అభ్యాసం. అసలు పద్ధతిలో అతని ముఖాన్ని నీటిపైన నిలిపి, ఐదు సెకన్లకు ఒకసారి నోటిలోకి ఊపిరి ఊదుతూ, ఆ లయ తప్పకుండా మధ్య మధ్యలో అతను మునగడానికి కట్టుకున్న బరువులు, బీసీడీ (గాలి నింపితే నీటిపై తేల్చే జాకెట్) ఊడదీస్తూ, తన సామాను కూడా వదిలించుకుంటూ ఈదాలి. ఇది చేతులకూ శ్వాసకూ పొంతన కుదిరేదాకా పదేపదే చేయవలసిన పని. మేము దాన్ని కాళ్లు ఆనే నీళ్లలో, నడుచుకుంటూ, ఒక్కసారి చేశాం.

రెండో రోజు సాయంత్రం, ఆక్సిజన్ ఇవ్వడం ఎప్పుడు నేర్పుతారని నేనే అడిగితే ఒక పచ్చపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. మూత తీస్తే లోపలి రబ్బరు పట్టీ ఎండకు అంటుకుపోయి చర్రుమని చిరిగింది. మాస్కు సీలు విప్పనేలేదు, దాని గొట్టమేమో రెగ్యులేటర్ మూతికి సరిపోలేదు. సిలిండర్ మీటర్ ముల్లు సున్నా దగ్గర ఉంది. వేగంగా పైకి వచ్చిన డైవర్ ఒంట్లో నత్రజని బుడగలు కట్టినప్పుడు మొదటి చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజనే, అటు పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) ఆసుపత్రికి వెళ్లాలంటే సముద్రం దాటాలి. ఆ ముల్లు చూశాక, రెండు రోజులుగా అదే పడవలో నేను కూడా డైవ్ చేసిన సంగతి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

న్యాయానికి ఒక మాట చెప్పాలి. అక్కడ సిలిండర్లు మోసే కుర్రాడొకడు, తాతల నాడు శ్రీకాకుళం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చిన కుటుంబం వాడు, డ్యూటీ అయ్యాక తనంతట తాను నాకు ఒక గంట నేర్పించాడు. భయపడ్డ డైవర్‌గా నటిస్తూ నా మెడ చుట్టూ చేతులు బిగించి, "అన్నా, పైకి ఈదొద్దు, కిందికి దిగిపోండి. మునిగేవాడికి గాలి కావాలి కాబట్టి మీ వెంట రాడు, వదిలేస్తాడు" అన్నాడు. ఆ తరువాత వెనక నుంచి చేరి, సిలిండర్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎదుటివాడి బీసీడీలో గాలి నింపడం చూపించాడు. 42,000లో నాకు నిజంగా దక్కింది ఆ గంటే, కానీ అది బిల్లులో లేదు.

కాబట్టి అడ్వాన్సుకు మించి ముందే కట్టకండి. సీపీఆర్ శిక్షణ, పుస్తకం, కార్డు రుసుము ఆ ధరలోనే ఉన్నాయో లేదో రాతలో తీసుకోండి. ఇన్‌స్ట్రక్టర్ సభ్యత్వ సంఖ్య అడిగి, అది ఇప్పుడు చెల్లుతుందో లేదో ప్యాడీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. సెంటర్‌కు వెళ్లగానే ఆక్సిజన్ పెట్టె తెరిపించి మీటర్ చూడండి, అత్యవసర ప్రణాళిక కాగితం చూపించమనండి. తెరవడానికి వంకలు చెబితే అక్కడి నుంచే వెనక్కి తిరగండి, అడ్వాన్సు పోయినా సరే. రెండు రోజుల్లో ముగిస్తామనే వారి దగ్గర, ఆ రెండు రోజుల్లో పది అభ్యాసాలూ ఏ వేళకు ఏది చేయిస్తారో అడిగితే సంగతి తేలిపోతుంది.

సెంటర్ వాళ్లు చాలా వాదించాక సీపీఆర్ కోసం తీసుకున్న 6,000 తిరిగి ఇచ్చారు, మిగతా డబ్బు రాలేదు. ఫొటోలతో సహా మొత్తం వివరాలు ప్యాడీ నాణ్యతా విభాగానికి పంపాను. కార్డు నా ఫోన్‌లో ఉంది, కానీ పడవ ఎక్కినప్పుడు ఎవరైనా అడిగితే నేను అడ్వాన్స్‌డ్ డైవర్‌నని, అంటే రెస్క్యూకు ఒక మెట్టు కింద ఉన్నవాణ్నని మాత్రమే చెబుతున్నాను.