సోఫా వెనక గుడ్డ: చేతికుట్టా, ఇత్తడి మేకులా, లేసా?

సోఫాకు గుడ్డ ఎంచుకోవడానికి పూటంతా కూర్చునేవాళ్లు కూడా అంచు ఎలా మూయాలన్నది మేస్త్రీకే వదిలేస్తారు. సీటు, చేతులు, లోపలి వీపు వరకు పెద్ద చిక్కేం ఉండదు. గుడ్డ లాగి చెక్కకు గన్‌తో పిన్నులు కొట్టేస్తే, ఆ పిన్నులు ఏదో ఒక మడత కింద దాక్కుంటాయి. చివర్న వేసే వెనక గుడ్డ దగ్గరే ఇబ్బంది. అప్పటికి లోపలివైపు అంతా మూసుకుపోయి ఉంటుంది కాబట్టి పని బయటినుంచే ముగించాలి. దానికి విజయనగరం, శ్రీకాకుళం షాపుల్లో మూడు దారులున్నాయి: వంకర సూదితో చేతికుట్టు, గుండ్రటి తలల ఇత్తడి మేకులు, పిన్నులు కనబడకుండా పైన అంటించే లేసు.

కొత్తగా ఉన్నప్పుడు మూడూ బాగానే ఉంటాయి. నేను చూసేది వేరు: రేపు ఆ అంచు విప్పాల్సి వస్తే ఏమవుతుంది? గుడ్డ కొన్నేళ్లకు మారుతుంది. టేకు ఫ్రేము మాత్రం తాతల నాటిదైనా నిలిచే ఉంటుంది. పైగా 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలు మనవి. ఇల్లు కారి సోఫా తడిస్తే ముందు వెనక విప్పి గాలి తగలనివ్వాలి, లేకపోతే లోపల ఫోమ్ బూజు పడుతుంది.

ఈ లెక్కన చేతికుట్టుకే నా ఓటు. ముందు వెనక గుడ్డ పై అంచును తిరగేసి, అట్టపట్టీ పెట్టి పిన్నులు కొట్టి, గుడ్డను కిందికి దించుతారు. రెండు పక్కలా అర అంగుళం లోపలికి మడిచి గుండుసూదులు గుచ్చుతారు. వంకర సూది ఒకవైపు మడతలో పావు అంగుళం నడిచి బయటికొచ్చి, సరిగ్గా దానికి ఎదురుగానే రెండోవైపు గుడ్డలోకి దిగాలి. కాస్త పైకో కిందికో దిగిందంటే లాగినప్పుడు ముడత పడుతుంది. నాలుగైదు కుట్లు వదులుగా వేసేసరికి దారం నిచ్చెన మెట్లలా కనిపిస్తుంది. అప్పుడు మెల్లగా లాగితే మెట్లన్నీ మడతలోకి పోతాయి, గుడ్డకు గుడ్డ అతుక్కున్నట్టు ఉంటుంది. విప్పాలంటే ఆ దారం తెంపితే చాలు. పక్కలకు మేకు దిగదు కాబట్టి చెక్కకు అక్కడ కొత్త చిల్లు పడదు.

దారం మాత్రం నైలానో పాలిస్టరో అయి ఉండాలి. మిషను మీద మిగిలిన నూలు దారంతో కానిస్తే తేమకు చివికిపోతుంది. కిటికీ ఎండ తగిలే చోట పాలిస్టరే మేలు. కుట్టేముందు తేనెమైనం ముక్క మీద దారాన్ని రెండుసార్లు లాగితే చిక్కు పడదు. ‘ఎందుకండీ ఇదంతా, గన్ పెట్టి కొట్టేస్తే పావుగంట పని’ అని మేస్త్రీ అంటాడు. అతని తొందర అతనిది, సోఫా మీది.

చేతికుట్టు కుదరని చోటు రెక్సిన్. గుడ్డలో సూది తప్పుగా దిగితే దారం తీసేశాక పోగులు సర్దుకుంటాయి. రెక్సిన్‌లో పడ్డ చిల్లు అలాగే ఉండిపోతుంది, గట్టిగా లాగితే సాగుతుంది కూడా. అక్కడ మేకులే నయం.

మేకుల అందం కాదనలేనిది. కానీ లెక్క చూడండి. పన్నెండు మిల్లీమీటర్ల తల ఉన్న మేకుల్ని పక్కపక్కనే ఆనించి కొడితే అడుగుకు పాతిక పడతాయి. ముగ్గురు కూర్చునే సోఫా వెనక చుట్టూ పది అడుగులనుకుంటే రెండొందల యాభై చిల్లులు. అవన్నీ ఒకే గీత మీద పడితే పాత చెక్క ఆ గీత వెంటే చీలుతుంది. మామిడి చెక్క పురుగు పట్టి ఉంటే మేకు అసలు నిలవదు. చుట్టగా దొరికే మేకుల పట్టీ ఒకటుంది. అందులో ఐదు తలలకు ఒకటే నిజం మేకు, కాబట్టి చిల్లులు యాభైకి తగ్గుతాయి. దగ్గరికెళ్లి చూస్తే తేడా తెలుస్తుందనుకోండి.

ఇత్తడి అని అమ్మేవాటిలో చాలావరకు ఇనుము మీద పూతే. షాపులోనే అయస్కాంతం తలకు పెట్టి చూడండి, అతుక్కుందంటే కథ తెలిసినట్టే. తల ఇత్తడిదైనా కాడ ఇనుముదై ఉండొచ్చు, అందుకని కాడకూ పెట్టండి. బొబ్బిలి, రాజాం వైపు పూత మేకులైనా కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. కళింగపట్నం, బారువ, భావనపాడులాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు పట్టి, చుట్టూ గుడ్డ మీద గోధుమరంగు మరక దిగుతుంది. అది వదిలించడం మహా కష్టం.

లేసు సంగతికొస్తే, చెక్క బయటికి కనిపించే పాతకాలపు కుర్చీలకు అదే సరైన ముగింపు. చెక్క అంచున కొట్టిన పిన్నుల వరసను కప్పడానికే అది పుట్టింది. తప్పంతా గమ్ముది. సిరిమాను పండక్కి చుట్టాలు వచ్చేలోపు కావాలని తొందర పెడితే గ్లూ గన్‌తో అంటించి పంపేస్తారు. వైశాఖం ఎండల్లో ఆ గమ్ము మెత్తబడి లేసు మూలల దగ్గర లేస్తుంది, మళ్లీ పీకినప్పుడు చెక్క పాలిష్ కూడా ఊడొస్తుంది. అదే లేసును రెండు అంచులా చిన్న చిన్న కుట్లతో పట్టించమనండి. కూలి ఎక్కువే, కానీ మాసిపోతే విప్పి మార్చుకోవచ్చు.

పొందూరు ఖద్దరుతో సోఫా కుట్టించాలని ముచ్చటపడేవాళ్లూ ఉన్నారు. సన్నటి నేత కూర్చునే రాపిడికి ఆగదు. చిన్న దిండ్లకు వాడి, మూతి చేతికుట్టుతో మూయించండి, ఉతకాలంటే విప్పుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా వెనక గుడ్డ కింద గోనెపట్టా వేశారో లేదో చూసుకోండి. అది లేకపోతే పిల్లాడి మోచేయి తగిలినా గుంట పడుతుంది, లాగుడంతా అంచు మీదే పడి కుట్టు విచ్చుకుంటుంది. జూట్ మిల్లున్న నెల్లిమర్లను పక్కనే పెట్టుకుని గోనె దగ్గర కక్కుర్తి పడడమేంటో! ఇక సోఫా ఎప్పటికీ గోడకు ఆనించే ఉండేదైతే వెనక మామూలు పిన్నులతో కానిచ్చి, ఆ కూలి డబ్బులు అందరికీ కనిపించే చేతుల ముందు పలకలు కుట్టించడానికి పెట్టండి.