సొంత ప్రోగ్రామ్‌కు ఏఐ సాయం: చాట్‌లోనా, సొంత ఫోల్డర్‌లోనా, ఏది మేలు?

అద్దెల లెక్కకో, చీటీల పద్దుకో చిన్న ప్రోగ్రామ్ కావాలి, దేనితో రాయించుకోవాలని అడిగేవారు ఈమధ్య బాగా పెరిగారు. చాలామందికి ఏ మోడల్ తెలివైనదో తెలియాలి. నేను మాత్రం ముందు చూసేది, రోజూ ఎక్కించే వివరాలు ఎక్కడ నిలుస్తాయన్నది. ప్రోగ్రామ్ పాడైతే ఒక పూటలో మళ్లీ రాయించుకోవచ్చు. మూడేళ్ల పద్దు పోతే ఏ ఏఐ రాసివ్వగలదు?

చాట్‌జీపీటీ, క్లాడ్, జెమినై వంటివాటిని చాట్‌లో అడిగితే ఒకే హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలుగా రాసిస్తాయి. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, ఇన్‌స్టాల్ చేసేదేమీ ఉండదు. వడ్డీ లెక్క, ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు, 4,840 గజాల చొప్పున భూమి కొలతల మార్పిడి వంటి పనులకు ఇదే హాయి. చిక్కంతా దాచుకోవడంలో ఉంది. ఇలాంటి పేజీలు వివరాలను సాధారణంగా లోకల్ స్టోరేజ్‌లో, అంటే ఆ బ్రౌజర్ తనలో దాచుకునే చోట, పెడతాయి. దాని పరిమితి సుమారు 5 ఎంబీ. బ్రౌజింగ్ డేటా తుడిచేస్తే పద్దు కూడా పోతుంది. ఫోనులో ఎక్కించింది కంప్యూటర్‌లో కనిపించదు. వెబ్‌లో పెట్టిన పేజీ అయితే మరో ప్రమాదం: ఆపిల్ బ్రౌజర్ సఫారీ వాడుతూ ఏడు రోజులు ఆ పేజీని ముట్టకపోతే, పేజీ దాచినవన్నీ సఫారీ చెరిపేస్తుంది. 2020 నుంచి సఫారీ పద్ధతి ఇదే.

క్లాడ్ కోడ్, కోడెక్స్, కర్సర్ వంటి కోడ్ రాసే ఏఐ సాధనాలు మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లోనే పనిచేస్తాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయమని, వివరాలను ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఇమిడే డేటాబేస్) ఫైలులో ఉంచమని చెప్పండి. 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి పైథాన్‌తోపాటే ఎస్‌క్యూలైట్ కూడా వస్తోంది. పద్దంతా ఒకే ఫైలు, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అదే బ్యాకప్. ఎస్‌క్యూలైట్‌ను 2050 దాకా నిలబెడతామని దాని తయారీదారులు చెబుతున్నారు. రేపు ఏఐని మార్చినా కొత్తది అదే ఫైలును చదువుకుంటుంది. నా ఓటు దీనికే.

కష్టం లేకపోలేదు. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెర చూస్తే కొత్తవారు జంకుతారు. ఏఐ ఏ ఆదేశం నడపడానికి అనుమతి అడుగుతోందో చదవకుండా సరే అనకూడదు. అసలు పద్దు ఇవ్వకుండా దాని నకలు మీద పని చేయించండి. చేత్తో వేసిన ఒక నెల లెక్కతో ఫలితం సరిపోల్చండి.

ప్రోగ్రామ్‌ను రాసి ఇంటర్నెట్‌లోనే నడిపే లవబుల్, రెప్లిట్ వంటి వెబ్ సేవలు నలుగురు నాలుగు ఊళ్ల నుంచి వాడే పనికి బాగుంటాయి. ఒక్కరి పద్దుకు వాటి అవసరం లేదు.

చాట్ పేజీయే చాలనుకుంటే, పద్దును సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా) దించుకునే బటన్, తిరిగి ఎక్కించే బటన్ మొదటిరోజే పెట్టించండి.