చేప పిండాలతో బోరు నీళ్ల పరీక్ష

మాది అమీన్‌పూర్ వైపు అపార్ట్‌మెంట్. తొట్టిలో బోరు నీళ్లు పోసిన ప్రతిసారీ గప్పీ చేపలు చచ్చిపోతున్నాయి. మామూలు ల్యాబ్‌లో టీడీఎస్, పీహెచ్, నైట్రేట్ అన్నీ హద్దులోనే వచ్చాయి. తెలిసినబ్బాయి చెబితే ఉప్పల్ వైపు ఓ ప్రైవేటు ల్యాబ్‌కు వెళ్లాను. చేప పిండాలతో పరీక్ష అనగానే మా ఆవిడ "పొద్దున్నే ఆ తద్దినం మాటలేంటండీ" అంది.

మొదటిసారి వెనక్కి పంపారు. కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్లాను మరి. శుభ్రమైన గాజు సీసాలో గాలి లేకుండా మూతి దాకా నింపి, ఐస్‌లో పెట్టి తేవాలట. ఫోన్‌లోనే ఆ ముక్క చెబితే ఒక క్యాబ్ ఖర్చు మిగిలేది.

పని మాత్రం నిక్కచ్చిగా చేశారు. ఓఈసీడీ అనే దేశాల కూటమి 2013లో ఖరారు చేసిన 236వ నంబరు పరీక్ష పద్ధతి. జీబ్రా చేప గుడ్లు ఆవగింజంత ఉంటాయి, పరీక్షించాల్సిన నీళ్లు పోసిన గుంటల ప్లేటులో గుంటకొకటి వేసి 26 డిగ్రీల దగ్గర 96 గంటలు ఉంచుతారు. గుడ్డు తెల్లగా గడ్డకట్టిందా, వెన్ను వెంట కణుపులు వచ్చాయా, తోక సొన నుంచి విడిందా, గుండె కొట్టుకుంటోందా అని రోజూ చూస్తారు. పక్కనే కావాలని విషం కలిపిన ప్లేటు కూడా పెడతారు. అందులో కనీసం 30 శాతం చావకపోతే ఆ గుడ్లు మొండివని పరీక్షే కొట్టేస్తారు.

రెండో రోజు అక్కడి అమ్మాయి "చూస్తారా సార్" అని మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. అద్దంలాంటి ఒళ్లు, రెండు నల్ల కళ్లు, వాటి కింద టకటకా కొట్టుకుంటున్న గుండె. అది పోలిక కోసం పెట్టిన మంచినీళ్లది. ప్లేటు జరిపి మా బోరుది చూపించింది. కళ్లున్నాయి. గుండె దగ్గర ఏ కదలికా లేదు. ఊపిరి బిగబట్టి నిమిషం సేపు చూశాను.

చివరికి మా నీళ్లలో 20కి 7 పోయాయి. సగం మంచినీళ్లు కలిపితే ఒకటే పోయింది. మంచినీళ్లలో అన్నీ బతికాయి. నీళ్లలో ఏదో ఉందని తేలింది కానీ అదేమిటో ఈ పరీక్ష చెప్పదు. లోహాలకు, పురుగుమందులకు మళ్లీ వేరే టెస్టు, వేరే బిల్లు. దీనికే పదివేల దాకా అయింది.

రిపోర్టు నాలుగు పేజీల ఇంగ్లీషు. ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పే మనిషి లేడు. అందులో 'ఎల్‌సీ50: 100 శాతానికి పైన' అని ఉంది. ఏమీ కలపని మా బోరు నీళ్లు కూడా సగం పిండాలను చంపలేదని దానర్థం. మా సెక్రటరీ గారు ఆ లైను చూసి "వందకు పైన వచ్చిందంటే పాసే కదండీ" అన్నారు. ఆయనతో మీటింగు ఆదివారం ఉంది. ఈలోగా గప్పీలకు నల్లా నీళ్లు ఒకరోజు నిలవబెట్టి పోస్తున్నాను.