డెర్బీషైర్ గుర్రపుశాలలు: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లు డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ వెళ్తే ప్యాలెస్ చూసి, ఫౌంటెన్ దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తారు. పక్కనే మిట్ట మీదున్న గుర్రపుశాల వాళ్ల లెక్కలో కాఫీ తాగే చోటు, అంతే. మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు మేం ప్యాలెస్‌లు పక్కన పెట్టి గుర్రపుశాలలే చూశాం. నాన్న ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి జమీందార్ల పడకగదుల కన్నా గోడలూ డ్రెయిన్లే ఇష్టం.

చాట్స్‌వర్త్ శాలకి 1760 ప్రాంతంలో, నాలుగో డెవన్‌షైర్ డ్యూక్ కోసం ప్లాన్ గీసినవాడు జేమ్స్ పెయిన్. ఒక్కో వైపు దాదాపు 58 మీటర్ల చతురస్రం, రెండంతస్తులు, మధ్యలో విశాలమైన వాకిలి. ముఖద్వారానికి పాత గ్రీకు పద్ధతిలో నాలుగు డోరిక్ స్తంభాలు, పైన వంశచిహ్నం, నిలువెత్తు దుప్పుల బొమ్మలు రెండు. వాటి కొమ్ములు మాత్రం నిజం దుప్పులవే. అమ్మ తలెత్తి చూసి, "గుర్రాలకే ఇంత మేడా! మరి వాటిని చూసుకునేవాళ్లు ఎక్కడ పడుకునేవాళ్లురా?" అంది. పై అంతస్తులో, ధాన్యం కొట్ల పక్కన. కింద 80 గుర్రాలకి చోటు, లాడాలు కొట్టే కొలిమి. పైన ఒక గది తలుపు మీద ‘మూడో పోస్టిలియన్’ అని పెయింటుతో రాసి ఉండేదట. బండికి కట్టిన గుర్రం మీదే కూర్చుని తోలేవాణ్ని పోస్టిలియన్ అంటారు. వాళ్లలోనూ ఒకటో నంబరు, రెండో నంబరు ఉండేవాళ్లన్నమాట!

1939లో గుర్రాలు పూర్తిగా వెళ్లిపోయాయి. ఆరో డ్యూక్ 1830ల్లో వెనకాల కట్టించిన బగ్గీల షెడ్డు ఇప్పుడు రెస్టారెంటు. పట్టాభిషేకాలకి వాడిన కోచ్, అంటే రాచ బగ్గీ, అక్కడే ఉంది, దాన్ని చూస్తూ తినొచ్చు. శాకాహారులకి సూపు, కాల్చిన బంగాళాదుంప లాంటివి దొరుకుతాయి, అంతకు మించి ఆశపడొద్దు. ప్యాలెస్ టికెట్ లేకపోయినా ఇక్కడికి రానిస్తారు, పార్కింగ్ డబ్బులు మాత్రం తప్పవు. నా మట్టుకు నాకు బయటి నుంచి దీన్ని మించింది లేదు. లోపల మాత్రం ఒకప్పుడు గుర్రాలున్నాయంటే నమ్మడం కష్టం.

ఆ లోటు కాల్క్ ఆబీలో తీరింది. చాట్స్‌వర్త్ దగ్గరి ఊరు బేక్‌వెల్ నుంచి దక్షిణంగా గంటకు పైగా డ్రైవ్. 1712-16 మధ్య కట్టిన ఎర్ర ఇటుకల శాల ఇది, ఆడంబరం ఏమీ లేదు. ఎస్టేట్ యజమాని సర్ వాన్సీ హార్పర్ క్రూ 1924లో పోయేదాకా కార్లను లోపలికి రానివ్వలేదు. ఆయన మొండితనం పుణ్యమా అని పాత బగ్గీలు మిగిలాయి. పాత కట్టడాల్ని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ కూడా ఈ ఎస్టేటుని తళతళలాడించకుండా, పెచ్చులూడిన గోడల్ని అలాగే ఉంచింది. నాన్న గొంతుక్కూర్చుని నేల వాలు చూడటం మొదలుపెట్టారు. గుర్రం నిలబడే చోట తడి నిలిస్తే గిట్టలు పాడవుతాయట. "ఈ వాలు పెట్టినవాడు పని తెలిసినవాడు" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చేశారు.

బోల్సోవర్ కోటలో చూడాల్సింది 17వ శతాబ్దపు రైడింగ్ హౌస్. గుర్రాలకి నాట్యంలాంటి నడకలు నేర్పిన హాలు అది. తల పైకెత్తి ఆ కలప కప్పు చూడండి, చాలు. కొండ మీద గాలి విపరీతం, పెద్దవాళ్లకి స్వెటర్ తప్పనిసరి.

బక్స్‌టన్‌ది ఎస్టేట్ ఇంటి శాల కాదు. ఊళ్లో గోరువెచ్చని ఊటనీళ్ల స్నానాలకి వచ్చే అతిథుల కోసం ఐదో డ్యూక్ 1780ల్లో జాన్ కార్ చేత కట్టించిన శాల, 110 గుర్రాలకి. మధ్యలో గుండ్రటి వాకిలి, గుర్రాల్ని తిప్పడానికి. 1859లో కొంత భాగం ఆసుపత్రి అయింది. 1881 నాటికి ఆ వాకిలిని కప్పేస్తూ 44 మీటర్ల వెడల్పు గోపురం లేపారు. లండన్ సెయింట్ పాల్స్ చర్చి గోపురం కన్నా ఇదే వెడల్పు. నడుమ నిలబడి చప్పట్లు కొడితే చప్పుడు నెత్తిమీదికే తిరిగొస్తుంది. ఇప్పుడిది డెర్బీ యూనివర్సిటీది కాబట్టి, తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి.

బస సంగతి. మోజుపడి ఒక పాత గుర్రపుశాల కాటేజీ తీసుకున్నాం, పేరెందుకులెండి. రెండు ముక్కల తలుపు, గోడకి గుర్రాన్ని కట్టే ఇనప కడియం. అమ్మ దానికి టవల్ ఆరేసింది. చూడ్డానికి బ్రహ్మాండం. పడక మాత్రం పాత గడ్డి అటక మీద, మెట్లు నిచ్చెనంత నిటారు. నాన్న మోకాళ్లతో ఆ రాత్రంతా టెన్షనే. పదింటికే హీటర్ ఆగిపోయింది. ఓనర్‌కి మెసేజ్ పెడితే మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది.

తర్వాత బేక్‌వెల్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. గది మామూలుదే గానీ కింది అంతస్తు, వేడినీళ్లు ధారాళం. టిఫిన్‌లో మాంసం వద్దంటే పుట్టగొడుగులు, బీన్స్, టోస్టు పెట్టారు. మైక్రోవేవ్‌లో మా అన్నం వేడి చేసుకోనిచ్చారు. శనాదివారాలు వదిలేసి వారం మధ్యలో వెళ్తే రేటు కాస్త తగ్గుతుంది. గది బుక్ చేసేముందు మాత్రం మెట్ల ఫోటో అడిగి తెప్పించుకోండి.