పాత స్పీకర్లు: ఫోమ్ అంచు, గుడ్డ అంచు, రబ్బరు అంచు... మన సముద్రపు గాలికి ఏది మేలు?

పాత హై-ఫై స్పీకర్లు కొనేవాళ్ళు ముందు కంపెనీ పేరు చూస్తారు, తర్వాత వూఫర్ (బాస్, అంటే లోతైన శబ్దాలు పలికే పెద్ద స్పీకర్) ఎన్ని ఇంచులో అడుగుతారు, ఆ తర్వాత ధర దగ్గర బేరం మొదలవుతుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండేవాళ్ళు వీటన్నిటికంటే ముందు వూఫర్ అంచు చూడాలని నా గట్టి అభిప్రాయం. వూఫర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గరాటు లాంటి కోన్‌ని లోహపు ఫ్రేముకి కలుపుతూ చుట్టూ ఉండే ఆ మెత్తటి పట్టీనే సరౌండ్ అంటారు. అది ఫోమా, గుడ్డా, రబ్బరా అన్నదాన్ని బట్టే ఆ జత మన దగ్గర ఎన్నాళ్ళు పాడుతుందో తెలుస్తుంది.

మన వాతావరణం అలాంటిది మరి. రోహిణీ కార్తెలో గది గదంతా కాగిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్ళలో అయితే ఏడాది పొడుగునా ఉప్పుగాలి. చలిదేశంలో పాతికేళ్ళు నిలిచిన సరుకు ఇక్కడ కూడా అంతకాలం నిలుస్తుందని లెక్క వేసుకోకూడదు.

ముందు ఫోమ్ సంగతి. 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అమెరికాలో అకౌస్టిక్ రీసెర్చ్ (ఏఆర్) కంపెనీ పెట్టారు. గాలి చొరబడకుండా బిగించిన పెట్టెలో లోపలి గాలే స్ప్రింగులా పనిచేసి కోన్‌ని వెనక్కి తెస్తుందన్నది విల్చర్ కనిపెట్టిన కిటుకు. గాలే ఆ పని చేస్తున్నప్పుడు అంచు గట్టిగా ఉండక్కర్లేదు, ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. చిన్న పెట్టెలోంచి అంత లోతైన బాస్ వచ్చిందంటే అందుకే. 1970ల్లో ఆ మెత్తదనం కోసం చాలా కంపెనీలు పాలీయురెథేన్ ఫోమ్ వాడాయి. తర్వాతి రోజుల్లో తయారైన ఏఆర్-3ఏ జతల్లోనూ, క్లాస్ సొంతంగా పెట్టుకున్న అడ్వెంట్ కంపెనీ పెద్ద స్పీకర్‌లోనూ ఉన్నది ఫోమే.

శబ్దానికి వంక పెట్టలేం. మృదంగం ఎడమవైపు గుమ్మనే నాదం అడుగుదాకా వినిపించాలంటే ఇవే. చిక్కంతా ఫోమ్ ఆయుష్షుతోనే. పాలియెస్టర్ రకం ఫోమ్ తేమకి విరుగుతుంది, పాలీఈథర్ రకం వెలుతురుకీ ఆక్సిజన్‌కీ పొడి అవుతుంది. మన దగ్గర రెంటికీ కొదవ లేదు. పోయిన ఫోమ్‌ని వేలితో తాకితే బెల్లం పాకంలా అంటుకుంటుంది, లేదా చూర్ణమై రాలుతుంది. అమ్మేవాడు పాట పెట్టి వినిపిస్తున్నాడు కదా అని నమ్మేయకండి. తక్కువ వాల్యూమ్‌లో చిరిగిన ఫోమ్ కూడా పాడుతుంది. జాలీ తీయించి, టార్చి వేసి అంచు చుట్టూ చూడండి. జాలీ తీయనంటే ఆ బేరం వదిలేయండి.

గుడ్డ అంచు కథ వేరు. 1970లో వచ్చిన జేబీఎల్ ఎల్-100 సెంచురీ ఇందుకు మంచి ఉదాహరణ. పన్నెండు ఇంచుల తెల్ల కోన్, చుట్టూ మడతలు మడతలుగా జిగురు పూత వేసిన గుడ్డ. వాటిలో ముందు పెట్టే గళ్ళ ఫోమ్ జాలీ పొడైపోతుంది గానీ, వూఫర్ అంచు మాత్రం కంపెనీలో వేసినదే ఇప్పటికీ చాలా జతల్లో పనిచేస్తూ ఉంది. పైగా దాని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి ఎంత శబ్దం చేస్తుందన్న లెక్క, 90 డెసిబెల్స్ పైమాటే. ఇంట్లో ఉన్న పాతిక వాట్ల పాత ఆంప్లిఫైయర్ చాలు, హాలంతా నిండిపోతుంది. ఏఆర్-3ఏ అలా కాదు. నాలుగు ఓమ్స్ లోడు కాబట్టి కరెంటు ఎక్కువ లాగుతుంది, సెన్సిటివిటీ కూడా తక్కువ. నీరసమైన ఆంప్లిఫైయర్ పెడితే వేడెక్కిపోతుంది.

కానీ ఎల్-100 గొంతుల్ని, డ్రమ్స్‌ని మీదికి నెడుతుంది. పెళ్ళివారింటి హాల్లో అది హుషారు. పదీ పన్నెండు అడుగుల పడగ్గదిలో రాత్రిపూట గంటసేపు వింటే మాత్రం చెవులు అలిసిపోతాయి. గుడ్డకీ ఒక జబ్బు ఉంది: పైన పూసిన జిగురు ఎండిపోతే గుడ్డ సందుల్లోంచి గాలి కారుతుంది. ఎల్-100కి ముందే గాలి రంధ్రం ఉంది కాబట్టి కొంపేం మునగదు. కానీ మొదట్లో గుడ్డ అంచుతో వచ్చిన ఏఆర్‌ల లాంటి మూసిన పెట్టెలకు అది ప్రాణాంతకం. పరీక్ష తేలికే. కోన్‌ని రెండువైపులా వేళ్ళతో సమంగా, నిదానంగా లోపలికి నొక్కి వదలండి. మెల్లగా బయటికి వస్తే పెట్టె బిగువుగా ఉన్నట్టు. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతున్నట్టు.

రబ్బరు అంచుకి నేను చెప్పే ఉదాహరణ బీబీసీ వారి ఎల్ఎస్3/5ఏ. బయటి ప్రసారాల వ్యాన్‌లో, ఇరుకు చోట మనిషి గొంతు ఉన్నదున్నట్టు వినడానికి 1970ల మొదట్లో బీబీసీ ఇంజనీర్లు తయారు చేసుకున్న చిన్న పెట్టె అది. కెఫ్ కంపెనీ బీ110 వూఫర్, సన్నటి శబ్దాలు పలికే టీ27 ట్వీటర్. బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్ కోన్, చుట్టూ నియోప్రీన్ రబ్బరు. బాస్ అడుగుదాకా దిగదు, శబ్దం కూడా పెద్దగా రాదు. కానీ మన నెల్లూరు బాలు గొంతులో ఊపిరి తీసుకునే చోటు, సుశీలమ్మ గొంతు తారస్థాయికి వెళ్ళి నిలిచే చోటు దీనిలో విన్నాక పెద్ద వూఫర్ల మీద మోజు తగ్గుతుంది. అసలు జతలు ఇప్పుడు చాలా ఖరీదు. అయితే అదే కాలపు ఇంగ్లీషు స్పీకర్లలో కెఫ్ వూఫర్లు వాడినవి ఇంకా ఉన్నాయి, వాటి ధర కాస్త నయం. రబ్బరు కూడా చిరంజీవి కాదు, ఏళ్ళ మీద గట్టిపడుతుంది. వేలితో నొక్కితే సాగాలి, పగుళ్ళు కనపడకూడదు. కానీ ఫోమ్‌లాగా పొడై ఊడిపడే రకం కాదు.

అందుకే ఒక్క జతే కొనేవాళ్ళకి, మామూలు గదిలో పాటలు వినేవాళ్ళకి నా ఓటు రబ్బరుకే. పెద్ద హాలు, చిన్న ఆంప్లిఫైయర్ ఉంటే గుడ్డ. ఫోమ్ వద్దనను, ఏఆర్, అడ్వెంట్ బాస్ అంటే నాకు ప్రాణం. కాకపోతే అంచు మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించి ఇస్తేనే తీసుకోండి, పదేళ్ళకో పన్నెండేళ్ళకో మళ్ళీ మార్చాల్సి వస్తుందని ముందే తెలుసుకుని కొనండి.

ఇంట్లో ఇప్పటికే ఫోమ్ పోయిన జత ఉన్నవాళ్ళ ప్రశ్న ఇంకోటి: అంచు మాత్రం మార్చాలా, వూఫరే మార్చేయాలా? మన ఊళ్ళలో స్పీకర్లు బాగుచేసేవాళ్ళకి ఎక్కువగా వచ్చేవి మైక్ సెట్ల స్పీకర్లే. కాయిల్ (కోన్ వెనక ఉండే తీగ చుట్ట) చుట్టడంలో వాళ్ళ చెయ్యి చాలా గట్టిది. కానీ పాత ఏఆర్ వూఫర్ తీసుకెళ్తే వచ్చే సలహా ఒకటే: "ఇదంతా ఎందుకు సార్, కొత్త పన్నెండించీది వేసేద్దాం, అదిరిపోద్ది."

అదిరిపోవడం నిజమే, బాస్ మాత్రం పోతుంది. ఏఆర్ పన్నెండు ఇంచుల వూఫర్ పెట్టె బయట విడిగా ఉంటే సహజంగా సుమారు 20 హెర్ట్జ్ (సెకనుకి 20 సార్లు) దగ్గర ఊగుతుంది. ఈ అంకె ఎంత తక్కువైతే బాస్ అంత లోతు. మైక్ సెట్ వూఫర్లు మామూలుగా 50 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటాయి, గట్టి అంచుతో. మూసిన పెట్టెలో పెడితే అది ఇంకా పైకి పోతుంది. కాయిల్ కాలనంత వరకు పాత వూఫర్‌కి అంచు మార్చడమే మేలు. మల్టీమీటర్ పెడితే ఎనిమిది ఓమ్స్ వూఫర్ ఆరు దగ్గర, నాలుగు ఓమ్స్‌ది మూడు దగ్గర చూపిస్తే కాయిల్ బతికే ఉన్నట్టు.

పని ఇలా ఉంటుంది. పాత ఫోమ్‌నీ జిగురునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడుపుతూ కోన్ చిరక్కుండా గీకాలి. ఓపికంతా ఇక్కడే కావాలి. మధ్యలో ఉన్న టోపీ కోసి, కాయిల్ చుట్టూ ఖాళీలో సన్నటి ప్లాస్టిక్ పట్టీలు దూర్చాలి, కాయిల్ అయస్కాంతానికి రాసుకోకుండా నడిమధ్య నిలవడానికి. కొత్త ఫోమ్ ముందు కోన్‌కి అంటించి, ఆరాక ఫ్రేముకి. ఒక రోజు కదపకూడదు. పట్టీలు తీశాక కోన్ నొక్కితే గరగర వినపడకూడదు. ఫోమ్ సైజు కోసం వూఫర్ ఇంచులు చెబితే చాలదు, కోన్ వ్యాసం, ఫ్రేము లోపలి వ్యాసం కొలుచుకోవాలి. నెల్లూరు వాళ్ళకి ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే చెన్నై రిచీ స్ట్రీట్ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే దూరమే, వూఫర్ వెంట తీసుకెళ్తే మంచిది.

తిరిగి బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ పెట్టి కోన్ బయటికి వస్తే సరైన పోలారిటీ అని మెకానిక్కులు చూస్తారు. పాత జేబీఎల్‌లు దీనికి తిరగబడి ఉంటాయి, ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ లోపలికి పోతుంది. అది తప్పనుకుని ఒక పెట్టెలో వైర్లు మార్చేస్తే రెండు స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురుతిరిగి బాస్ మాయమవుతుంది.

ట్వీటర్ పలకకపోతే వెంటనే కాలిపోయిందనుకోవద్దు. ఏఆర్ పెట్టెల వెనక ఉండే లెవెల్ కంట్రోళ్ళు తుప్పు పట్టడం మామూలే, ఉప్పుగాలికి మరీను. శుభ్రం చేస్తే చాలాసార్లు ప్రాణం లేచివస్తుంది. బాస్‌ని వూఫర్‌కీ, సన్నటి శబ్దాన్ని ట్వీటర్‌కీ విడదీసి పంపే క్రాస్ఓవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మాత్రం ఇన్నేళ్ళకి మార్చదగ్గవే. పెట్టెల్ని నేలమీద పెట్టకండి. తేమకి పార్టికల్ బోర్డు ఉబ్బుతుంది, చెదలూ పడతాయి. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు మనకి దొరికినంత తేలిగ్గా ఎవరికి దొరుకుతాయి? కింద ఒక పలక, మధ్యలో రబ్బరు బిళ్ళలు చాలు.

ఫోమ్ బదులు రబ్బరు అంచు వేయించవచ్చా అని కొందరు అడుగుతారు. రబ్బరు బరువు, బిగువు ఎక్కువ. దాంతో వూఫర్ ఊగే తీరు మారిపోతుంది, శబ్దం కొంచెం తగ్గుతుంది. కంపెనీవాళ్ళు ఫోమ్ లెక్కతో కట్టిన పెట్టెకి ఫోమే వేయించండి. ఒకటే పోయినా రెండింటికీ ఒకేసారి వేయించండి, ఒక పక్క కొత్త ఫోమ్, ఇంకో పక్క గట్టిపడిన పాత ఫోమ్ ఉంటే రెండు వైపులా బాస్ ఒకేలా రాదు.