ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశాక మా ఇంటి వైఫై

మా రౌటర్‌కు కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఆపివేయడంతో, 2004లో మొదలైన ఉచిత ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీని అందులో ఎక్కించాను. మార్చిన వెంటనే ఫోన్‌లో వైఫై పేరు కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు; ఇందులో సాధారణంగా వైఫై ఆపివేసే ఉంటుంది కాబట్టి, కంప్యూటర్‌ను లాన్ కేబుల్‌తో కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, ఆ తర్వాతే వైఫై రేడియోను ఆన్ చేయాలి.

నన్ను ఎక్కువసేపు ఇబ్బంది పెట్టింది 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్. దేశం కోడ్‌ను భారత్‌గా మార్చినా అది రాలేదు. నేను ఎంచుకున్న 52వ ఛానెల్ రాడార్లు కూడా వాడుకునేది. అక్కడ రాడార్ లేదని తేల్చుకోవడానికి రౌటర్ కనీసం ఒక నిమిషం వేచి చూస్తుంది, ఆ నిమిషం గడవకముందే నేను రీస్టార్ట్ చేస్తూ వచ్చాను. రౌటర్ తన పనులను నమోదు చేసుకునే సిస్టమ్ లాగ్‌లో ఈ సంగతి స్పష్టంగా కనిపించింది. కారణాన్ని ఇలా దాచకుండా చూపడమే ఈ ఫర్మ్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం. 36వ ఛానెల్‌కు మార్చగానే సిగ్నల్ వచ్చింది.

పాత ప్రింటర్ మాత్రం కొత్త వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3తో కలవలేదు. డబ్ల్యూపీఏ2, 3 కలిసిన పద్ధతి ఎంచుకున్నాక సరిపోయింది. కొనసాగే అప్‌డేట్ల కోసం దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను, అయితే మోడల్‌తో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా సరిచూసుకోకుండా ఎక్కించవద్దు.